ట్యూషన్ మాఫీ ఉందో లేదో ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నీ ఎమ్మెస్ కోసం అన్నయ్య ఇల్లు తనఖా పెట్టడానికి సిద్ధపడ్డాడని తెలిసింది. వద్దనను. కానీ సంతకాలు పడకముందే అమెరికాలో అసిస్టెంట్‌షిప్పుల (చదువుకుంటూ వర్సిటీలోనే జీతానికి చేసే పనుల) లెక్క నీకు తెలియాలి.

ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారం గురించి చాలామంది చెబుతారు. అది అక్కడి ప్రభుత్వ సాయం కోసం. ఎఫ్-1 వీసా (విద్యార్థి వీసా) మీద వెళ్లేవాళ్లకు దొరకదు. దాని జోలికి పోకు. నీకున్నవి వర్సిటీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్పులు, అసిస్టెంట్‌షిప్పులు. బరువు నిజంగా దింపేది రెండోదే. అందులోనూ నెలనెలా వచ్చే జీతం కంటే ట్యూషన్ మాఫీ, అంటే కోర్సు ఫీజు రద్దు, పెద్దది.

ఈ అసిస్టెంట్‌షిప్పులు మూడు రకాలు. ఆర్ఏ, అంటే పరిశోధనలో సాయం చేసే పని; దాని డబ్బు ప్రొఫెసర్ ప్రాజెక్టు గ్రాంటులోంచి వస్తుంది. రెండేళ్లలో వెళ్లిపోయే ఎమ్మెస్ విద్యార్థికి పని నేర్పి డబ్బు పెట్టడం కంటే పీహెచ్‌డీ వాళ్లను తీసుకోవడమే ఆయనకు లాభం. అందుకే థీసిస్ చేస్తానన్న వాళ్లకు అవకాశం కొంచెం ఎక్కువ. టీఏలను, అంటే పాఠాలు చెప్పడంలో సాయపడేవాళ్లను, డిపార్ట్‌మెంటు ఎంపిక చేస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షలో మార్కు చూస్తారు, కాబట్టి టోఫెల్‌లో స్పీకింగ్ భాగాన్ని తేలిగ్గా తీసుకోకు. ఇక మనవాళ్లు మర్చిపోయేది జీఏ, అంటే వర్సిటీ ఆఫీసుల్లో చేసే పని: లైబ్రరీ, హాస్టళ్ల ఆఫీసు, ఐటీ హెల్ప్ డెస్క్, క్రీడా విభాగం, రైటింగ్ సెంటర్. ఇవి వర్సిటీ ఉద్యోగాల పేజీలో పడతాయి, నీ డిపార్ట్‌మెంటు పేజీలో కాదు. అడ్మిషన్ రాగానే ఆ పేజీ రోజూ చూడు.

ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ వందమందికి పంపితే ఎవరూ తెరవరు. పదిమందిని ఎంచుకో. ఒక్కొక్కరి ఇటీవలి పేపర్ ఒకటి చదివి, అందులో నువ్వు చేయగలిగిన పని ఏమిటో రెండు వాక్యాల్లో రాయి. నువ్వు చేసిన ప్రాజెక్టు కోడ్ లింకు, ఒక పేజీ రెజ్యూమె జతచేయి. "ఫండింగ్ ఇవ్వండి" అని మొదటి మెయిల్లోనే అడగకు.

ఆఫర్ లెటర్ వచ్చిందనుకో. మొదట అపాయింట్‌మెంట్ శాతం చూడు: 50 శాతం అంటే వారానికి 20 గంటలు, 25 అంటే 10. ఉదాహరణకు ఇల్లినాయ్ వర్సిటీ అర్బానా-షాంపేన్ క్యాంపస్‌లో 25 నుంచి 67 శాతం మధ్య ఉన్న అసిస్టెంట్‌షిప్పుకే ట్యూషన్ మాఫీ వస్తుంది. పైగా ఖర్చులు ఫీజులతోనే రాబట్టుకునే కోర్సులకు అక్కడ ఆ మాఫీ చెల్లదు. నీ కోర్సు అలాంటిదేమోనని ప్రతి వర్సిటీనీ సూటిగా అడుగు; ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మాఫీ పూర్తిగానా, లేక బయటి రాష్ట్రం వాళ్లకు వేసే అదనపు భాగానికేనా? స్టూడెంట్ ఫీజులు, ఆరోగ్య బీమా ఎవరు కట్టాలి? జీతం 9 నెలలకా, 12 నెలలకా? వేసవి కోర్సులకు మాఫీ ఉందా? ఒక్క సెమిస్టరుకేనా, ఏడాదికా?

ఒక లెక్క వేద్దాం. నెలకు 1,500 డాలర్ల చొప్పున 9 నెలలకు 13,500 వస్తుందనుకో. సెమిస్టరుకు ఫీజులు, బీమా కలిపి 2,000 అయితే రెండు సెమిస్టర్లకు 4,000 పోయి 9,500 మిగిలింది. అద్దె, తిండి 12 నెలలకు అందులోంచే సర్దాలి. మాఫీ ఉన్నా కొంత అప్పు తప్పదని ఇలా వేసుకుంటేనే తెలుస్తుంది.

గంటల లెక్కన ఇచ్చే క్యాంపస్ ఉద్యోగానికి మామూలుగా మాఫీ ఉండదు. సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్ పనులన్నీ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. బయట స్టోర్లలో నగదుకు పని ఎవరు ఇప్పిస్తామన్నా వెళ్లకు. వీసా స్టేటస్ పోతే డిగ్రీయే పోతుంది. తీసుకునే కోర్సుల క్రెడిట్లు, జీపీఏ (సగటు గ్రేడు) నిబంధన కంటే తగ్గితే అసిస్టెంట్‌షిప్పు పోవచ్చు. కోర్సు డ్రాప్ చేసేముందు ఇంటర్నేషనల్ ఆఫీసును అడుగు.

టీఏ, ఆర్ఏలకు వచ్చే ట్యూషన్ మాఫీ మీద పన్ను లేదు, జీతం మీద ఉంది. ఆఫీసు పనుల జీఏలకైతే మాఫీలో ఏడాదికి 5,250 డాలర్లు దాటిన భాగం మీద పన్ను పడొచ్చు. కొత్తగా వెళ్లిన ఎఫ్-1 వాళ్ల జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వృద్ధుల ఆరోగ్య బీమా పన్నులు) కోత ఉండకూడదు. మొదటి పే స్లిప్పులోనే చూసుకో, కోస్తే పేరోల్ వాళ్లకు చెప్పు. అక్కడి పన్ను రిటర్న్ 1040-ఎన్ఆర్ ఫారంలో వేసేటప్పుడు భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే స్థిర మొత్తం) తీసుకోవచ్చు. మిగతా దేశాల వాళ్లలో చాలామందికి ఆ వెసులుబాటు లేదు, వదులుకోకు.

ఆర్థికసాయం ఆఫర్‌కు తొందరగా జవాబివ్వమని ఒత్తిడి చేస్తే, కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ (వర్సిటీల సంఘం) తీర్మానం మీద సంతకం చేసిన వర్సిటీలు ఏప్రిల్ 15 దాకా ఆగాలని గుర్తుంచుకో. ఆఫర్ వస్తే, వీసా కోసం వర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారంలో ఆ మొత్తం చేర్పించు. బ్యాంకులో చూపాల్సింది అంత తగ్గుతుంది. కాగితం లేని మాటను వీసా ఇంటర్వ్యూలో చెప్పకు.

ఇక అప్పు. రెండేళ్ల పూర్తి మొత్తానికి శాంక్షన్ చేయించుకో, డబ్బు మాత్రం సెమిస్టరు సెమిస్టరుకూ తీసుకో. తీసుకున్నదాని మీదే వడ్డీ. రెండో సెమిస్టరులో అసిస్టెంట్‌షిప్పు దొరికితే మిగతాది ముట్టుకోనక్కర్లేదు. మొదటి ఏడాదికి మాత్రం ఏ సాయమూ రాదనుకునే లెక్క వేయి.

ఆఫర్ లెటర్ వస్తే సంతకం పెట్టేముందు నాకు ఫొటో తీసి పంపు. అన్నయ్యకు కూడా ఈ ఉత్తరం చూపించు.

ఇట్లు,
బాబాయి