బాటిల్ మీద 100, మీటర్‌లో 78... తప్పు ఎవరిది?

ప్రశ్న: సార్, మా దగ్గర లోపల పంపు ఉన్న పీఐడీ మీటర్ (గాలిలో రసాయన ఆవిర్లని కొలిచేది) ఉంది. 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) ఐసోబ్యూటిలీన్ టెస్ట్ గ్యాస్ సిలిండర్ పెడితే 78 దగ్గరే ఆగిపోతోంది. సరే అని ఆ రీడింగ్‌నే 100గా కాలిబ్రేట్ చేశాం (సెట్ చేశాం), తర్వాత అదే గ్యాస్‌ని బ్యాగ్‌లో నింపి పెడితే 128 అంటోంది. సిలిండర్ పాడైందా? మేమే గ్యాస్ కలుపుకోవచ్చా?

జవాబు: సిలిండర్‌ని ఏమీ అనకండి పాపం. 78కి 100 అని పేరు పెట్టారు కదా, ఇక మీటర్ ప్రతిదాన్నీ 1.28తో గుణిస్తుంది, అందుకే బ్యాగ్‌లోంచి అసలైన 100 వచ్చేసరికి 128 చూపించింది. అంటే సిలిండర్‌కీ మీటర్‌కీ మధ్యలో ఎక్కడో గాలి కలుస్తోంది. మీ పంపు నిమిషానికి 0.5 లీటర్ లాగుతోంది, రెగ్యులేటర్ 0.4 మాత్రమే ఇస్తోంది అనుకోండి, మిగతా 0.1 ఏదో జాయింట్ సందులోంచి గది గాలే వస్తుంది, అప్పుడు లోపలికి వెళ్లేది 80 పీపీఎమ్మే. ముందు రెగ్యులేటర్ మీద ఫ్లో ఎంతని రాసుందో చూడండి. పంపు ఎంత లాగితే అంతే ఇచ్చే డిమాండ్ ఫ్లో రెగ్యులేటర్ పెడితే గొడవే ఉండదు. అది లేకపోతే మధ్యలో ఒక టీ జాయింట్ (మూడు వైపులా నోరున్న గొట్టం) పెట్టి, పంపు లాగేదానికంటే కొంచెం ఎక్కువ గ్యాస్ వదిలి, మిగిలింది మూడో వైపు నుంచి బయటికి పోనివ్వండి. ఆ మూడో వైపుకి చిన్న ట్యూబు తగిలిస్తే గాలి వెనక్కి రాదు. అలా అని ప్రెషర్ పెంచేసి నేరుగా మీటర్‌లోకి తోసేయకండి, అది ఇంకో రకం తప్పు.

ఇక కలుపుకోవడం అంటే, టెడ్లార్ బ్యాగ్ అనే గ్యాస్ నింపే ప్లాస్టిక్ సంచిలో 10 లీటర్ల శుభ్రమైన గాలి నింపి, గ్యాస్ సిరంజితో 1 మిల్లీలీటర్ ప్యూర్ ఐసోబ్యూటిలీన్ ఎక్కిస్తే 100 పీపీఎం. 10 లీటర్లు అన్నది బ్యాగ్ సైజు కాదండోయ్, ఫ్లోమీటర్ పెట్టి టైమ్ చూసి నింపిన గాలి. చాలామంది దెబ్బతినేది లిక్విడ్ దగ్గర. 1 మైక్రోలీటర్ టోలుయీన్ అనే ద్రావకాన్ని అదే 10 లీటర్లలో వేస్తే 0.1 పీపీఎం అనుకుంటారు, కానీ అది ఆవిరయ్యాక 25 డిగ్రీల దగ్గర దాదాపు 23 పీపీఎం అవుతుంది! సిలికాన్ ట్యూబు వాడొద్దు, ఆ ఆవిర్లని పీల్చేసుకుంటుంది. చేసిన మిక్స్ అదే రోజు వాడేయాలి, అదీ చెకింగ్‌కే. కాలిబ్రేషన్‌కి మాత్రం తూకం వేసి తయారుచేసిన సర్టిఫైడ్ సిలిండరే నా మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి చేతితో కలిపే ఆలోచన అసలు పెట్టుకోవద్దు, ప్రాణం మీదకి వస్తుంది.

ప్రశ్న: నాలుగు టెస్ట్ గ్యాసులు కలిపిన సిలిండర్‌కి డేట్ అయిపోయింది, ప్రెషర్ ఇంకా సగం పైనే ఉంది. వాడొచ్చా?

జవాబు: ప్రెషర్ ఉంటే గ్యాస్ ఉన్నట్టే, కానీ ఏ గ్యాస్ ఎంత ఉందో ఆ ముల్లు చెప్పదు కదా. అందులో ముందు తగ్గేది హైడ్రోజన్ సల్ఫైడ్, సిలిండర్ గోడలకీ తేమకీ కొంచెం కొంచెంగా పోతుంది. 25 పీపీఎం అని రాసుండి నిజానికి 18 ఉంటే, మంచి సెన్సర్‌ని పాడైందని తీసి పారేస్తారు. కాలిబ్రేషన్‌కి వద్దు. అలారం మోగుతుందో లేదో కొత్తవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది, అంతవరకే.