బాబు అక్షరాలన్నీ చెబుతాడు, చదవమంటే చదవడు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. అఆలు, గుణింతాలు గడగడా అప్పజెబుతాడు. కానీ మధ్యలో ఏదో ఒక అక్షరం మీద వేలు పెడితే మళ్లీ మొదటి నుంచి అనుకుంటూ రావాలి. వ, మ రెండూ ఒకటే అంటాడు. పాఠమేమో బొమ్మ చూసి చెప్పేస్తాడు. పక్కింటి పాప అప్పుడే షాపుల బోర్డులు చదువుతోంది. టెన్షన్‌తో కోప్పడుతున్నాను కూడా. ఏం చేయమంటారు?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ కోప్పడటం ఆపండమ్మా, భయపడితే వచ్చింది కూడా రాదు. మొదటి నుంచి అనుకుంటూ వస్తున్నాడంటే వాడికి వరస వచ్చింది, అక్షరం ఇంకా రాలేదు, అంతే. అన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు, తెలుగులో త పక్కన ల పెడితే తల అయిపోతుంది. త, ల, ప, డ, గ, క, ఈ ఆరింటితోనే పలక, పడక, గడప, తలగడ చదివేయొచ్చు. తలగడ అని చదివాక వెళ్లి తలగడ తెమ్మనండి, పరిగెత్తుకుంటూ తెస్తాడు చూడండి.

గుణింతం కూడా ఒక్కో గుర్తే. ఈ వారమంతా గుడి ఒక్కటే: చిలక, పిలక, గిలక. మాట మాటకీ 'చకు గుడిస్తే చి' అని వల్లె వేయిస్తే చివరికొచ్చేసరికి మొదట ఏముందో మర్చిపోతాడు.

వ, మ దగ్గర తడబడటం వాడి తప్పు కాదు, నిజంగానే తోకొక్కటే తేడా. వకు కొమ్ము పక్కన పెడితే మ అనిపిస్తుందనే కదా, వు రాసేటప్పుడు కొమ్ము కిందికి దించుతాం! వంట, మంట అని పలక మీద ఒకదాని కింద ఒకటి పెద్దగా రాసి, ఆ తోక మీద వాడి చేతే వేలు పెట్టించండి.

బొమ్మ చూసి ఊహించడం తప్పేమీ కాదు, కానీ అదే చదవడం కాదు. కోడి అని రాసి ఉంటే పుంజు అన్నాడనుకోండి, మొదటి అక్షరం చూపించి 'ఇది పునా, కోనా?' అని అడగండి చాలు.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు మీరే ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు జరుపుతూ చదివి వినిపించండి, ఇది మాత్రం మానొద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే దొరుకుతాయి. పక్కింటి పాప ఊసు వాడి ముందు ఎత్తకండి. పుస్తకం మరీ ముఖం దగ్గర పెట్టుకుంటున్నా, కళ్లు చికిలించి చూస్తున్నా ఒకసారి కంటి డాక్టర్‌కి చూపించండి.