కంజీ చూస్తే భయమేస్తోంది సార్!

ప్రశ్న: డిప్లొమా అయింది. శ్రీసిటీలో జపాన్ కంపెనీలున్నాయని జపనీస్ మొదలుపెట్టాను. హిరగానా (పలుకుల్ని రాసే అక్షరమాల) వచ్చేసింది గానీ కంజీ (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చెప్పే లిపి గుర్తులు) కొరుకుడు పడట్లేదు. మానేయమంటారా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: మానొద్దు నాయనా. శ్రీసిటీలో దుబాసీగా పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ని, నా మాట విను. వాక్యం మనకు సులువే. క్రియ చివర్లోనే, విభక్తి మాట వెనకే. ఇంగ్లిషులోంచి తిప్పుకుంటేనే చిక్కు.

నిజంగా తికమక పెట్టేది లెక్క. బోల్టులు, పెన్సిళ్లలాంటి పొడుగువాటిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలంటే ఇప్పోన్, నిహోన్, సంబోన్. 'హోన్' అనే ప్రత్యయం ఒకటే, పలుకులు మూడు! రేకులకు, కాగితాలకు ఇంకో తీరు. మనుషులకు వేరే. 'ముగ్గురు బోల్టులు' అనని మనకు ఇదేం వింత చెప్పు?

ఇక కంజీ. 2010లో జపాన్ సవరించిన నిత్యవాడుక జాబితాలో 2,136 ఉన్నాయి. అన్నీ ఇప్పుడే ఎందుకు? జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు ఎన్5. దానికి సుమారు వంద చాలు. ఆ పరీక్షలో మాట్లాడించరు. అందుకే సర్టిఫికెట్ ఉండీ నోరు పెగలనివాళ్లు బోలెడు. రోజూ పైకి చదువు, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ. పరీక్ష జూలై, డిసెంబరుల్లో ఉంటుంది. మనకు చెన్నై దగ్గర.