మెమోరియల్ స్కాలర్‌షిప్ దరఖాస్తులో కష్టం ఎంత చెప్పాలి, లెక్క ఎలా చూపాలి?

ప్రశ్న: నేను ఫిల్మ్ స్కూల్లో సినిమాటోగ్రఫీ చదువుతున్నాను. వచ్చేది ఆఖరి సంవత్సరం, డిప్లొమా ఫిల్మ్ తీయాలి. నాన్న ఉద్యోగం పోయి ఏడాది దాటింది. ఇంట్లో దాచుకున్నదంతా నా ఫీజులకే అయిపోయింది. మా స్కూల్లోనే చదివి, చిన్న వయసులో చనిపోయిన ఒక కెమెరామన్ పేరిట ఆయన కుటుంబం ఏటా స్కాలర్‌షిప్ ఇస్తోంది. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల కోసమే అది. దరఖాస్తులో ‘మీ పరిస్థితి వివరించండి’ అని ఒక పేజీ ఉంది. అది తెరిచినప్పుడల్లా ఎవరి ముందో చెయ్యి చాచినట్టు అనిపించి మూసేస్తున్నాను. పోయిన మనిషి పేరు మీద డబ్బు అడగడం ఇంకా ఇబ్బందిగా ఉంది. నాకంటే లేనివాళ్లు ఉంటారు కదా అని కూడా అనిపిస్తోంది. ఏం రాయాలి, ఎంత రాయాలి? ఇది రాకపోతే చదువు ఆపేయడం తప్ప దారి లేదా?
– ఒక విద్యార్థిని

జవాబు: దరఖాస్తు చెయ్యండి. గడువు ఎప్పుడో మీరు రాయలేదు కాబట్టి ముందు ఈ మాట చెప్పి, మిగతా విషయాలకు వస్తాను.

‘నాకంటే లేనివాళ్లు ఉంటారు’ అన్న ఆలోచన మంచి మనసులోంచి వచ్చిందే. కానీ మీరు తప్పుకున్నంత మాత్రాన ఆ డబ్బు మీకంటే లేనివాళ్లకు చేరదు, దరఖాస్తు పెట్టినవాళ్లలో ఒకరికి చేరుతుంది. అర్హులెవరూ దొరక్క కొన్ని స్కాలర్‌షిప్‌లు ఏ ఏటికాయేడు మిగిలిపోతూ ఉంటాయి కూడా. ఎవరి అవసరం ఎక్కువో తేల్చడానికి కమిటీ ఉంది, వాళ్ల ముందు అందరి కాగితాలూ ఉంటాయి. ఆ తీర్పు మీరే ముందుగా చెప్పేసుకోకండి.

ఇక చెయ్యి చాచడం గురించి. ఇలాంటి స్కాలర్‌షిప్‌ల వెనక సాధారణంగా ఒక మూలనిధి ఉంటుంది. కుటుంబమో స్నేహితులో కొంత సొమ్ము పోగుచేసి స్కూలుకో ట్రస్టుకో అప్పగిస్తారు. ఆ సొమ్మును కదల్చరు. దానిమీద వచ్చే రాబడిలోంచే ఏటా స్కాలర్‌షిప్ ఇస్తారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి నిధుల నుంచి ఏటా 4, 5 శాతం దాకా ఖర్చుపెట్టడం మామూలు. అంటే నిధి వంద అనుకుంటే విద్యార్థి చేతికి వచ్చేది నాలుగో ఐదో. అందుకే పెద్ద నిధి ఉన్నా ఏడాదికి ఒకరిద్దరికే ఇవ్వగలుగుతారు, అదీ ఫీజు మొత్తానికి సరిపోకపోవచ్చు. మీరు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆ డబ్బు మీరు అడిగినందువల్ల ఎవరి జేబులోంచో తీసేది కాదు. మీలాంటి విద్యార్థి కోసమని ఆ కుటుంబం ఎప్పుడో పక్కన పెట్టేసింది. ఎవరికైనా ఇవ్వాలనే, తమ దుఃఖంలోంచి లేచి ఆ పని చేశారు. తీసుకునేవాళ్లు రాకపోతేనే వాళ్లకు బాధ.

మూలనిధి పెట్టేటప్పుడు రాసుకున్న షరతులు చాలా ముఖ్యం. ‘సినిమాటోగ్రఫీ ఆఖరి సంవత్సరం’ అని రాసి ఉంటే ఎడిటింగ్ విద్యార్థి ఎంత ప్రతిభావంతుడైనా కమిటీ చేతులు కట్టేసినట్టే. షరతుల్ని ఒక్కో మాటా చదవండి, మీరు దేనికి సరిపోతారో పక్కన రాసుకోండి. ఎక్కడ అప్లై చెయ్యాలన్నదీ చూసుకోవాలి. మొనాకో రాకుమారుణ్ణి పెళ్లాడిన నటి గ్రేస్ కెల్లీ 1982లో మరణించాక ఆమె పేరిట అమెరికాలో ఏర్పడిన ప్రిన్సెస్ గ్రేస్ ఫౌండేషన్ నాటకం, నృత్యంతో పాటు సినిమా విద్యార్థులకూ సాయం చేస్తూ వచ్చింది. సినిమా విభాగంలో విద్యార్థిని అతని స్కూలు నామినేట్ చెయ్యడం అక్కడ పద్ధతిగా ఉంటూ వచ్చింది. ఇలాంటివాటికి మొదటి తలుపు ఫౌండేషన్‌ది కాదు, మీ విభాగాధిపతి గదిది. మీరు చెప్పిన స్కాలర్‌షిప్‌కి నేరుగా పంపాలో, స్కూలు ద్వారా పంపాలో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలు పేజీ. ‘చిన్నప్పటినుంచీ సినిమా అంటే ప్రాణం, పేదరికం నా కలల్ని చిదిమేస్తోంది’ లాంటి వాక్యాలు నూటికి తొంభై దరఖాస్తుల్లో కనిపిస్తాయి. అవి అబద్ధాలని కాదు. కానీ చదివేవాళ్లకు వాటితో నిర్ణయం తీసుకునే ఆధారం దొరకదు. ఆ పేజీ మిమ్మల్ని అడుగుతున్నవి మూడే: ఏం మారింది, ఎంత లోటు ఉంది, ఆ లోటు వల్ల ఏ పని ఆగిపోతుంది. ఇలా రాయొచ్చు:

‘మా నాన్న గత సంవత్సరం ఉద్యోగం కోల్పోయారు. అప్పటినుంచి ఇంటికి వచ్చేది అమ్మ జీతం ఒక్కటే. అందులో మూడో వంతు ఇంటి రుణానికి పోతుంది. ఆఖరి సంవత్సరం ఫీజులో సగం విద్యా రుణంతో కట్టగలను. మిగతా సగానికీ, డిప్లొమా ఫిల్మ్‌లో నా వాటా ఖర్చుకీ ప్రస్తుతం ఆధారం లేదు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లోటు తీరుతుంది. ఫిల్మ్ ఖర్చులో కొంత వారాంతాల్లో కెమెరా అసిస్టెంటుగా పనిచేసి సమకూర్చుకుంటాను.’

మీ ఇంటి అంకెలు నాకు తెలియవు కాబట్టి నమూనాకు రాశాను. మీ నిజమైన అంకెలు పెట్టండి. ఇందులో బాధ అన్న మాట ఒక్కసారి కూడా లేదు, అయినా చదివినవాళ్లకు పరిస్థితి అర్థమైపోతుంది. ప్రతి వాక్యానికీ వెనక ఒక కాగితం చూపించగలగాలి: ఉద్యోగం పోయినట్టు సంస్థ ఇచ్చిన లేఖ, ఆదాయ ధ్రువపత్రం, రుణం స్టేట్‌మెంట్, ఫీజు నోటీసు. నమూనాలో చివరి వాక్యం గమనించండి. మీరు కూడా చెయ్యి వేస్తున్నారని అది చెబుతుంది. కమిటీలకు అది నచ్చుతుంది, నచ్చడం న్యాయం కూడా. అయితే చెయ్యలేని పని చేస్తానని రాయకండి. ఆఖరి సంవత్సరం షూటింగ్ షెడ్యూళ్ల మధ్య వారాంతాలు ఎన్ని మిగులుతాయో మీకే బాగా తెలుసు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం ఉంటే, ఖర్చుకి సంబంధించినంతవరకే చెప్పండి. నాన్న గురించి రాసేది ఆయనకు చూపించి, సరేనన్నాకే పంపండి. కొన్ని కుటుంబాలు స్కాలర్‌షిప్ ఇచ్చే సభలో విద్యార్థి కథ చదివి వినిపిస్తాయి, ఫొటోతో ప్రకటిస్తాయి. మీరు రాసింది ఎవరెవరు చదువుతారు, బయటపెడతారా అని ముందే అడగండి. ఇది అడిగితే తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు. మీ ఇంటి గౌరవాన్ని తాకట్టు పెట్టి తెచ్చుకోవలసిన డబ్బు కాదిది.

సినిమా విద్యార్థుల దరఖాస్తుల్లో నాకు తరచూ కనిపించే పెద్ద లోపం ఫిల్మ్ బడ్జెట్. ‘డిప్లొమా ఫిల్మ్ ఖర్చులు’ అని ఒక్క అంకె వేసి వదిలేస్తారు. ఇతర చదువులవాళ్లకు లేని ఖర్చు మీకున్నది ఇక్కడే. కమిటీలో సినిమావాళ్లు కానివారు, మీ స్కూలు అకౌంట్స్ ఉద్యోగో, ఆ కుటుంబ సభ్యులో ఉంటే వాళ్లకు ఇది అసలు తెలియదు. ఒక్క హార్డ్‌డిస్కుల సంగతే తీసుకోండి. పన్నెండు నిమిషాల ఫిల్మ్, షూటింగ్ రేషియో పదికి ఒకటి, అంటే తెర మీద ఒక నిమిషానికి పది నిమిషాలు తీస్తారు అనుకుందాం. రెండు గంటల ఫుటేజ్ అవుతుంది. యూహెచ్‌డీలో (3840×2160 పిక్సెళ్ల చిత్రం) సెకనుకి 24 ఫ్రేములతో, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే వీడియో ఫార్మాట్‌లో తీస్తే గంటకి సుమారు 318 గిగాబైట్లు. రెండు గంటలకి 636. మూడు కాపీలు పెట్టుకోవాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. మొత్తం దాదాపు 1.9 టెరాబైట్లు. ఇంత లెక్క రెండు వాక్యాల్లో రాస్తే, హార్డ్‌డిస్కులు అడగడం సోకు కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. మీ స్కూల్లో ఇంకా 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసే అభ్యాసం ఉంటే, 400 అడుగుల రోల్ 24 ఫ్రేముల వేగంతో పదకొండు నిమిషాలే వస్తుందని, దాన్ని డెవలప్ చేయించి స్కాన్ చేయించాలని రాయండి.

అలాగే స్కూలు ఏమిస్తుంది, మీరు ఏం పెట్టుకోవాలి అన్నది రెండు వరుసలుగా విడగొట్టండి. కెమెరా, లెన్సులు, లైట్లు చాలా స్కూళ్లలో స్కూలువే. కానీ పగిలితే కట్టవలసిన డిపాజిట్, ఇన్సూరెన్స్, లొకేషన్ అనుమతి, యూనిట్‌కి భోజనాలు, ప్రయాణాలు, సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్ (షాట్ల రంగులు సరిచేయడం), సంగీతం హక్కులు, డీసీపీ (థియేటర్లో ప్రదర్శించే డిజిటల్ కాపీ) తయారీ, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు విద్యార్థుల మీదే పడడం ఎక్కువ. మీరు కెమెరా విద్యార్థిని కాబట్టి వీటిలో డైరెక్షన్ వాళ్ల వాటా ఏది, మీ వాటా ఏది అన్నది మీ టీంతో కూర్చుని రాయించుకోండి. తర్వాత గొడవలు కూడా తప్పుతాయి. ఎంట్రీ ఫీజు విషయంలో ఒక మాట: విద్యార్థిని, కట్టలేను అని మర్యాదగా ఈమెయిల్ రాస్తే ఫీజు మాఫీ చేసే ఫెస్టివల్స్ ఉన్నాయి. కాబట్టి ఆ పద్దు చిన్నదిగానే వేయండి.

ఆ కెమెరామన్ గురించి ఎంత రాయాలి? రెండు మూడు వాక్యాలు చాలు. ఆయన తీసినది స్కూలు ఆర్కైవ్‌లో ఏదైనా ఉంటే చూడండి. చూశాక మీ కంటికి ఏం పట్టిందో రాయండి: ఒక రాత్రి సన్నివేశంలో ఒకే లైట్‌తో ఎలా పని కానిచ్చారో, చేతిలో కెమెరా పట్టుకున్నప్పుడు నటుడికి ఎంత చేరువగా వెళ్లారో. ఆ ఇంటివాళ్లకు పొగడ్తలు ఇప్పటికే ఎన్నో వచ్చి ఉంటాయి. ఆయన పనిని ఒక కెమెరా విద్యార్థి శ్రద్ధగా చూసిందని తెలిస్తే దాని విలువ వేరు. చూడటానికి ఏమీ దొరక్కపోతే ఏమీ రాయకండి. పరిచయం లేని మనిషితో లేని బంధాన్ని కల్పించుకోవద్దు.

షోరీల్ (మీరు తీసిన షాట్లలో మంచివి కలిపిన చిన్న వీడియో) అడిగితే రెండు నిమిషాలకు మించనివ్వకండి, మంచి షాట్లు మొదటి ముప్పై సెకన్లలోనే ఉండాలి. టీంతో చేసిన పని అయితే, లైటింగ్ చేసింది మీరా, కెమెరా ఆపరేట్ చేసింది మీరా అన్నది స్పష్టంగా రాయండి. సిఫార్సు లేఖకు పెద్ద పదవిలో ఉన్నవారికంటే మీతో రాత్రి షూటింగుల్లో నిలబడిన టీచర్ నయం. ఆమెకో ఆయనకో కనీసం మూడు వారాల గడువు ఇవ్వండి.

బయటి స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు కొన్ని కాలేజీలు తామిచ్చే సాయంలో అంత మొత్తం కోసేస్తాయి. ఇది చాలామందికి డబ్బు వచ్చాకే తెలుస్తుంది. అమెరికాలో ఈ పద్ధతి మీద ఎంత గొడవ జరిగిందంటే, ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని కట్టడి చేస్తూ మేరీల్యాండ్ రాష్ట్రం 2017లో చట్టమే తెచ్చింది. మీకు ఇప్పటికే స్కూలు నుంచి ఏదైనా ఫీజు రాయితీ ఉంటే, ఇది వచ్చాక అది తగ్గుతుందా అని రాతపూర్వకంగా అడగండి. తగ్గుతుందంటే, ఆ మొత్తాన్ని ఫీజుకి కాకుండా ప్రాజెక్టు ఖర్చుకి ఇవ్వగలరా అని ఇచ్చేవాళ్లను అడిగే వీలుంటుంది. ఇంకోటి, స్కాలర్‌షిప్ ఇస్తామంటూ ముందు ‘ప్రాసెసింగ్ ఫీజు’ అడిగేవాళ్లు ఎంత పేరున్నవారి బొమ్మ పెట్టుకున్నా దూరంగా ఉండండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ఈ స్కాలర్‌షిప్ ఒకరిద్దరికే వస్తుంది, అది మీకు రాకపోవచ్చు. అందుకే చదువు భవిష్యత్తును దీనికి కట్టెయ్యకండి. ఫీజు గడువు దాటకముందే అకౌంట్స్ విభాగానికి వెళ్లి, వాయిదాల్లో కట్టే వీలు అడగండి. హఠాత్తుగా వచ్చిన ఇబ్బందులకు కొన్ని స్కూళ్లలో విడిగా అత్యవసర నిధి ఉంటుంది, దాని గురించి నోటీసు బోర్డులో కనిపించకపోవచ్చు, నోరు తెరిచి అడగాలి. గడువు దాటి జరిమానాలు పడ్డాక వెళ్లే విద్యార్థికంటే ముందే వచ్చి చెప్పే విద్యార్థికి ఆఫీసువాళ్లు చేయగలిగేది చాలా ఎక్కువ. డిప్లొమా ఫిల్మ్‌ని కూడా డబ్బుకి తగ్గట్టు మళ్లీ ఆలోచించొచ్చు: పన్నెండు నిమిషాలకు బదులు ఏడు, నాలుగు లొకేషన్లకు బదులు ఒకటి. కెమెరా విద్యార్థికి ఒకే గదిని పగటి నుంచి రాత్రి దాకా వెలిగించి చూపించడం చిన్న పరీక్ష కాదు.

ఇవేవీ కుదరకపోతే, అప్పుడు కూడా చదువు ‘మానెయ్యడం’ కాదు, ‘విరామం తీసుకోవడం’ అడగండి. రెండూ వేరు. మానేస్తే మళ్లీ ప్రవేశ పరీక్ష నుంచి మొదలుపెట్టవలసి రావచ్చు. స్కూలు అనుమతితో ఒక ఏడాది విరామం తీసుకుంటే సాధారణంగా సీటు నిలుస్తుంది, ఆ ఏడాది కెమెరా డిపార్టుమెంటులో అసిస్టెంటుగా పనిచేసి ఫీజు కూడబెట్టుకోవచ్చు. విరామం ఎన్నాళ్లు ఇస్తారు, తిరిగి వచ్చేటప్పుడు పాత ఫీజా కొత్త ఫీజా, విద్యా రుణం కంతులు ఆ మధ్యలో మొదలవుతాయా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు కాగితం మీద తీసుకున్నాకే సంతకం పెట్టండి.