ఘాట్ ఎక్కబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విశాఖ నుంచి అరకు దాకా సైకిల్ మీద వెళ్లి, మళ్లీ సైకిల్ మీదే దిగుతానని నువ్వు రాసిన సంగతి చదివాను. మీ అమ్మ కంగారు పడుతోందని తెలుసు, ఆమెకు నేను నచ్చజెబుతాను. అయితే ముప్పై ఏళ్లుగా శృంగవరపుకోటలో (ఎస్.కోటలో) ఉంటూ ఈ ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నవాడిగా, నువ్వు బయలుదేరేలోపు కొన్ని విషయాలు వివరంగా చెప్పడం నా బాధ్యత. నీ ఉత్తరం నిండా ఎక్కడం గురించే ఉంది. దిగడం గురించి ఒక్క మాట కూడా లేకపోవడం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు దారి సంగతి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా పెద్ద ఎత్తుపల్లాలు లేవు కనుక అక్కడి వరకు నిన్ను నువ్వు అలసిపోనివ్వకు. బొడ్డవర దాటిన తరువాత కొండ మొదలై, తైడ, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ వరకు ఎక్కుతూనే ఉంటుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటే, గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా పైకి వెళ్లి, సుంకరిమెట్ట మీదుగా లోయలోకి దిగుతుంది. ఆ కొండల్లోనే కిరండూల్ రైలుమార్గం కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఆ మార్గంలో, 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున మాత్రమే ఎత్తు పెరిగేలా చూడడానికి 50కి పైగా సొరంగాలు తవ్వవలసి వచ్చింది. రోడ్డుకు అంత నెమ్మది లేదు. 100 మీటర్ల దూరంలోనే 6, 7 మీటర్లు లేచే చోట్లు నీకు చాలా తగులుతాయి.

అందుకని గేర్ల విషయంలో మొహమాటపడవద్దు. పెడల్ దగ్గరి పళ్లచక్రాల్లో చిన్నది 34 పళ్లదీ, వెనుక చక్రానికుండే పళ్లచక్రాల్లో (ఫ్రీవీల్‌లో) పెద్దది కనీసం 32 పళ్లదీ ఉండేలా చూసుకో. బరువైన గేరులో బలం చూపించి తొక్కితే మొదటి పది కిలోమీటర్లు బాగానే ఉంటుంది, ఆ తరువాత మోకాళ్లు మొరాయిస్తాయి. పెడల్ నిమిషానికి 70 చుట్లకు తగ్గకుండా తేలిక గేరులో తొక్కుతూ, పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంలోనే వెళ్లు. చలికాలంలో పైన గాలి చల్లగా ఉండి చెమట పట్టినట్టు తెలియదు, దాహం కూడా వేయదు. అయినా పావుగంటకొకసారి రెండు గుక్కలు తాగు. ఆకలి వేసే దాకా ఆగకుండా ముప్పావు గంటకొకసారి అరటిపండో వేరుశెనగ ఉండో తిను. ఆకలి తెలిసే సమయానికి కాళ్లలో శక్తి అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఇక దిగడం. నువ్వు, సైకిల్, సంచీ కలిపి 85 కిలోలు అనుకుందాం. ఆ బరువు 1,000 మీటర్ల ఎత్తు నుంచి కిందికి చేరేసరికి విడుదలయ్యే శక్తి రెండున్నర లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి తీసుకుంటుంది, మిగిలినదంతా నీ బ్రేకులు మోయవలసిందే. భయంతో బ్రేకులను సగం నొక్కి పట్టుకుని దిగేవాళ్లకు ఎదురయ్యే కష్టం ఇదే. రిమ్ చల్లారడానికి వ్యవధి దొరకదు, రబ్బర్లు మాడు వాసన వేస్తాయి, ఆ వేడికి ట్యూబు పేలవచ్చు. డిస్కు బ్రేకులున్నా ఇదే నియమం, ఎందుకంటే బాగా వేడెక్కిన డిస్కుకు పట్టు తగ్గుతుంది. మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించు. తరువాత వదిలేసి మలుపు తిరుగు. నేరు దారిలో రిమ్‌కు గాలి తగలనివ్వు. డముకు దగ్గర ఒకసారి ఆగి, రిమ్‌కు అర అంగుళం దూరంలో అరచేయి పెట్టి చూడు, ముట్టుకోవద్దు. వేడి చేతికి కొడుతుంటే కొండలు చూస్తూ పది నిమిషాలు కూర్చో.

మలుపులో చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, మలుపు ఎక్కడ తేలుతుందో అక్కడ ఉండాలి. ఎడమకు తిరిగేటప్పుడు ఎడమ పెడల్ పైకి, కుడి పెడల్ కిందికి ఉంచి, బరువంతా కింది కాలి మీద వేయి. పైకి వచ్చే బస్సు, రోడ్డు వెనక్కి మడిచినట్టుండే హెయిర్‌పిన్ మలుపులో తిరగడానికి నీ వైపు రోడ్డును కూడా వాడుకుంటుంది, వాడుకోక తప్పదు. కాబట్టి దాని హారన్ వినబడగానే మలుపుకు పైనే అంచున ఆగి దానికి దారి ఇవ్వు. బస్సుకు లోపలివైపు దూరడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. దాని వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒక కార్తీక మాసంలో, రాత్రి వాన పడిన మర్నాడు ఉదయం, అనంతగిరి దిగువన కాఫీ తోటల పక్కన నేను పడ్డాను. ఆ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల ఆకులు తడిసి తారుకు అంటుకుని ఉన్నాయి. వెండిలా మెరిసే ఆ ఆకులను చూస్తూ కూడా, మలుపు మధ్యలో ముందు బ్రేకు నొక్కాను. చక్రం పక్కకు జారడం ఎంత నిశ్శబ్దంగా జరిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మెడ కింది ఎముక విరిగింది. తోటలో పని చేస్తున్న గిరిజన స్త్రీలు పరుగున వచ్చి, నన్ను కదపకుండా తల కింద తువ్వాలు పెట్టి, రోడ్డు మీద ఒకరు నిలబడి జీపును ఆపారు. తడి ఆకులు, నాచు, వాన నీరు దాటిన చోట పేరుకునే సన్నని ఇసుక, ఈ మూడింటి మీదా బ్రేకు వేయవద్దు, హ్యాండిల్ తిప్పవద్దు. ముందే వేగం తగ్గించుకుని నేరుగా దాటు.

మరొక విషయం కూడా నాకు ముఖ్యమైనదే. పంటలు ఇంటికి వచ్చే రోజుల్లో ఊళ్ల దగ్గర రాగులు, సామలు రోడ్డు అంచున ఎండబోస్తారు. ఎంత అలసటగా ఉన్నా దిగి నడిపించుకుని వెళ్లు కానీ, ఆ గింజల మీదుగా చక్రం పోనివ్వకు. అది వాళ్ల ఏడాది తిండి.

రెండు ట్యూబులు, గాలి పంపు, టైరు విప్పే పుల్లలు, వెనుక ఎర్ర దీపం తప్పక తెచ్చుకో. నీ సైకిల్‌కు సరిపడే సన్న ట్యూబు దారిలో దొరుకుతుందని నమ్ముకోవద్దు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. శీతాకాలపు ఉదయాల్లో పైన మంచు దట్టంగా ఉంటుంది కనుక, తిరుగు ప్రయాణం ఎండ వచ్చి రోడ్డు ఆరిన తరువాతే మొదలుపెట్టు. ఆరకపోతే, లేదా చేతుల్లో సత్తువ లేదనిపిస్తే, అరకు స్టేషన్‌లో సైకిల్‌ను లగేజీగా బుక్ చేసి రైల్లో వచ్చేయి. దానికి నువ్వు సిగ్గుపడనక్కరలేదు, నేనే రెండుసార్లు అలా వచ్చాను.

ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, పర్యాటకుల కార్లతో ఘాట్ నిండిపోతుంది. సోమవారం సాయంత్రానికి మా ఇంటికి వచ్చేయి. అత్తయ్య రాత్రికి అన్నం వండి ఉంచుతుంది. నీ బ్రేకు రబ్బర్లు నేనే విప్పి చూస్తాను, అరిగినవి ఉంటే మార్చుకుని, మంగళవారం తెల్లవారుజామున బొడ్డవర దాకా నీతో నేనూ తొక్కుతాను.

మీ మామయ్య