లోకం కొత్తదే, జంట మాత్రం పేలవం

ప్రశ్న: రక్తపిశాచులు, తోడేలు మనుషులు, గ్రహాంతర నగరాలు ఉన్న ప్రేమ నవలలంటే నాకు ప్రాణం. కానీ ఈమధ్య చదివినవాటిలో నాయికానాయకులు ఒకరినొకరు ఎందుకు ప్రేమించారో చివరి పుటకు వచ్చినా అర్థం కావడం లేదండీ. లోపం నా చదువులోనా, రచనలోనా?

జవాబు: రచనలోనే. ఇలాంటి నవలల్లో విధి కలిపిన జంట అన్న సూత్రం బాగా వాడుకలో ఉంది. వాసన తగలగానే తన జత ఈమేనని తోడేలు నాయకుడు గుర్తుపడితే, ఒకరినొకరు తెలుసుకునే శ్రమ ఆ ఇద్దరికీ, రచయితకూ తప్పిపోతుంది. వందల ఏళ్లు బతికిన నాయకుడు ఎవరెవరిని పోగొట్టుకున్నాడో చెప్పకుండా, ఇరవై ఏళ్ల అమ్మాయిని ఆపదల నుంచి కాపాడటానికే అతన్ని వాడుకుంటే, ఆమెకు సొంత నిర్ణయమంటూ ఏదీ మిగలదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

భవిష్యత్తు కథల్లో చేజారే అవకాశాలు ఇంకా పెద్దవి. భూమి నుంచి అంగారకుడికి రేడియో సందేశం చేరడానికి, గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కోపంలో ఒక మాట పంపి, దానికి బదులు కోసం ఒక్కోసారి 40 నిమిషాలకు పైగా కాచుకోవలసిన ప్రేమికుల మధ్య ఎంత కథ ఉంది! దాన్ని వదిలేసి నౌకల యుద్ధాలతో పుటలు నింపుతున్నారు. ఈసారి పుస్తకం ఎంచుకునేటప్పుడు మధ్యలో ఏదైనా ఒక సంభాషణ చదివి చూడండి. మాయలు, యంత్రాలు తీసేసినా ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఉందనిపిస్తేనే కొనండి.