డిసెంబరు 1 గడువుంటే నవంబరు ఆఖర్లో సబ్మిట్ చేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇది: బెంగళూరులో బీడీఎస్ అయింది, సోఫాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా అమెరికాలో ఎంపీహెచ్‌కి, అంటే ప్రజారోగ్యంలో పీజీకి, అప్లై చేస్తున్నారు. ఎంచుకున్న కాలేజీల్లో కొన్నింటికి గడువు డిసెంబరు 1, కొన్నింటికి జనవరి 15. ఇంకా సెప్టెంబరే కదా, ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, తీరిగ్గా రాసుకుని నవంబరు ఆఖరి వారంలో అన్నీ కలిపి పంపితే చాలదా అని.

జనవరి కాలేజీలకు సరిపోవచ్చు. డిసెంబరు 1 వాటికి చాలావరకు సరిపోదు.

నేనూ ఇక్కడే క్లినిక్‌లో పనిచేస్తూ సోఫాస్ ద్వారానే అప్లై చేసి, ఎంపీహెచ్ చదివి తిరిగొచ్చాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ల పిల్లలు ఏటా ఈ రోజుల్లో ఫోన్ చేసి ఇదే అడుగుతారు. అందరికీ ముందుగా చెప్పేది ఒకటే: గడువు తేదీ ఎప్పుడని కాదు, ఆ తేదీకి మీ అప్లికేషన్ ఏ స్టేటస్‌లో ఉండాలని కనుక్కోండి.

సోఫాస్ అనేది ప్రజారోగ్య కాలేజీల సంఘం ఏఎస్‌పీపీహెచ్ నడిపే ఉమ్మడి దరఖాస్తు పద్ధతి. ఫారం ఒకటే, కాగితాలు పంపేదీ ఒకసారే. గడువు మాత్రం ఏ కాలేజీది ఆ కాలేజీదే. పైగా ఆ గడువుకు అర్థం కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒక కాలేజీకి ఆ రోజుకల్లా ఫీజు కట్టి సబ్మిట్ నొక్కితే చాలు, మిగతా కాగితాలు తర్వాత చేరినా తీసుకుంటారు. ఇంకో కాలేజీకి ట్రాన్స్‌క్రిప్టులు (యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలు), సిఫారసు ఉత్తరాలు అన్నీ చేరి 'కంప్లీట్' అని కనిపించాలి. మరో చోట సోఫాస్ సిబ్బంది అవన్నీ సరిచూసి 'వెరిఫైడ్' చేసి ఉండాలి. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులకు వాడే ఇలాంటిదే క్యాస్పా అనే పద్ధతిలో అయితే ఏ కాలేజీది ఏ రకం గడువో కాలేజీ వివరాల్లోనే రాస్తారు. మీరు మాత్రం మీ జాబితాలోని ప్రతి కాలేజీ అడ్మిషన్స్ పేజీ తెరిచి చూడాలి. అక్కడ స్పష్టంగా లేకపోతే వాళ్లకే మెయిల్ పెట్టండి: డిసెంబరు 1కి సబ్మిట్ అయితే చాలా, వెరిఫై కూడా అయి ఉండాలా అని. నేను అడిగిన చోటల్లా సూటిగా జవాబిచ్చారు. ఆ మెయిల్ దాచుకోండి.

మనకు ఇది కొత్తగా అనిపించడానికి కారణం ఉంది. నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో ఆ రౌండుకు అందరికీ ఒకటే ఆఖరి తేదీ. చాయిసెస్ లాక్ చేయడం మరిచిపోయినా టైమ్ అయ్యాక సిస్టమే లాక్ చేస్తుంది. షెడ్యూల్ పొడిగించడం కూడా మనం చాలాసార్లు చూశాం. ఆ అలవాటుతో ఇక్కడికొస్తే దెబ్బతింటాం. కాలేజీలు ఒక్కోసారి గడువు పెంచుతాయి, నిజమే, కానీ దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోకూడదు.

ఇప్పుడు మీ లెక్క వెనక నుంచి వేద్దాం. కాలేజీ 'వెరిఫైడ్' అడిగిందనుకోండి. వెరిఫికేషన్‌కు రద్దీ రోజుల్లో నాలుగు వారాలు పడుతుందని అనుకోండి. కావలసిన కాగితాలన్నీ చేరితే గానీ అది మొదలవదు. అంటే నవంబరు మొదటికల్లా అన్నీ అక్కడ ఉండాలి. మన దేశంలో చదివినవాళ్ల మార్కులను వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, అంటే అందరూ వెస్ అనే సంస్థ, సబ్జెక్టువారీగా మదింపు చేసి సోఫాస్‌కు పంపాలి. వెస్‌కు ట్రాన్స్‌క్రిప్టులు మీరు పంపితే చెల్లవు, యూనివర్సిటీయే నేరుగా పంపాలి. యూనివర్సిటీ పంపాలంటే మీరు దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, మార్క్స్ కార్డుల కాపీలు ఇవ్వాలి. కాబట్టి మీ అసలు గడువు డిసెంబరు కాదు, ఈ సెప్టెంబరే. ఎస్‌ఓపీ రాయడం మీ చేతిలో పని, దాన్ని అక్టోబరులో రాసుకోవచ్చు. ఇతరుల చేతిలో ఉన్న పనులు ఈ వారమే మొదలుపెట్టండి.

దసరా, దీపావళి, కన్నడ రాజ్యోత్సవం అన్నీ ఈ మధ్యలోనే వస్తాయి. ఆఫీసులు మూసి ఉండే రోజులు క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. అటువైపు నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. మీరు సబ్మిట్ చేద్దామనుకుంటున్న ఆ ఆఖరి వారంలోనే అమెరికాలో ఆఫీసులకు సెలవులు. ఏదైనా ఇబ్బంది వస్తే అడగడానికి అటు మనిషి దొరకరు.

పేరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్లకు ఇది ఎక్కువగా తగులుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది. కర్ణాటక మార్క్స్ కార్డులో అది ఒక్క ఇనీషియల్‌గా చివరికి వెళ్తుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో ఉంటుంది. వెస్‌లో ఒకలా, సోఫాస్‌లో ఇంకోలా రాస్తే రిపోర్టు వచ్చినా మీ ఫైలుతో జతపడక ఆగిపోవచ్చు. రెండుచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పాత పేరు, ఇతర పేరు అనే గడి ఉంటే మార్క్స్ కార్డులో ఉన్న రూపం అందులో ఇవ్వండి. వెస్‌కు ఆర్డర్ ఇచ్చేటప్పుడు సోఫాస్ అప్లికేషన్ నంబర్ చేర్చడం కూడా మరవకండి.

ఇక సిఫారసు ఉత్తరాలు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. ఉత్తరం మీ చేతికి ఇవ్వరు. మీరు ఇచ్చిన మెయిల్‌కు లింకు వెళ్తుంది, వాళ్లే లోపలికెళ్లి అప్‌లోడ్ చేయాలి. ఒక సీనియర్ ప్రొఫెసర్ సంతోషంగా ఒప్పుకున్నారు, కానీ లింకు ఆయన స్పామ్‌లో పడింది. ఆయన పరీక్షల డ్యూటీలో ఉండి చాలా రోజులు చూసుకోలేదు. మెయిల్‌లో గుర్తు చేస్తే లాభం లేకపోయింది. ఓపీ అయ్యేదాకా బయట కూర్చుని, ఆయన ఫోన్‌లోనే స్పామ్ వెతికి చూపిస్తే పది నిమిషాల్లో పని అయిపోయింది. అందుకే ముగ్గురు కావాలంటే నలుగురిని అడగండి. లింకు పంపిన రోజే ఫోన్ చేసి, "సార్, మెయిల్ వచ్చిందా?" అని కనుక్కోండి. వాళ్లకు మీ రెజ్యూమె, మీరు చేసిన క్యాంపుల వివరాలు, ఏ కోర్సుకు ఎందుకు వెళ్తున్నారో ఒక పేజీ ఇవ్వండి. గడువు అడిగితే డిసెంబరు 1 అనకండి, అక్టోబరు 20 అనండి. ఉత్తరాలు మేమే రాసి, మేమే అప్‌లోడ్ చేస్తామని చెప్పే కన్సల్టెన్సీల జోలికి అస్సలు పోవద్దు. అది బయటపడితే ఒక కాలేజీతో ఆగదు. ఫారం ఉమ్మడిది కాబట్టి అప్లై చేసిన అన్ని చోట్లా దెబ్బ.

కాలేజీలు గడువు అంత ముందుకు పెట్టడానికీ కారణాలున్నాయి. స్కాలర్‌షిప్పుల ఎంపిక చాలాచోట్ల మొదటి గడువుకు వచ్చినవాళ్లతోనే మొదలవుతుంది. విదేశీ విద్యార్థికి అడ్మిషన్ తర్వాత కాలేజీ నుంచి ఐ-20 అనే వీసాకు కావలసిన పత్రం రావాలి, విదేశీ విద్యార్థుల నమోదుకు సెవిస్ ఫీజు కట్టాలి, వీసా స్లాట్ దొరకాలి. ఇంటర్వ్యూకి ఇక్కడి నుంచి చాలామంది చెన్నై గానీ హైదరాబాద్ గానీ వెళ్తారు. ఆగస్టులో క్లాసులంటే ఇదంతా వేసవిలోపే జరగాలి. అందుకే కొన్ని కాలేజీలు విదేశీయులకు వేరే, ముందు తేదీ ఇస్తాయి. అమెరికా విద్యార్థుల తేదీ చూసుకుని నిశ్చింతగా ఉండకండి.

టైమ్ తేడా కూడా గుర్తుంచుకోండి. రాత్రి 11:59 ఈస్టర్న్ టైమ్ అంటే డిసెంబరులో మనకు మర్నాడు ఉదయం 10:29. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అయితే 9:29.

సబ్మిట్ చేశాక ఎస్‌ఓపీ లాంటివి మార్చలేరు కాబట్టి వాటిని సిద్ధం చేసుకున్నాకే నొక్కండి. ఉత్తరాలు, వెస్ రిపోర్టు వచ్చేదాకా మాత్రం ఆగక్కర్లేదు. అవి తర్వాత చేరినా ఫైలులో కలుస్తాయి. అక్టోబరు మూడో వారంలో సబ్మిట్ చేసి, రెండు మూడు రోజులకోసారి స్టేటస్ చూసుకోండి. ట్రాన్స్‌క్రిప్టులు నవంబరు మొదటికి కూడా కదలకపోతే, 'వెరిఫైడ్' అడిగే కాలేజీకి అప్పుడే పరిస్థితి వివరిస్తూ మెయిల్ రాయండి, గడువు దాటాక కాదు. వాళ్లు కుదరదంటే జనవరి 15 గడువున్న ఇంకో మంచి కాలేజీని చేర్చుకోవచ్చు. సబ్మిట్ చేశాక కూడా కొత్త కాలేజీలు కలుపుకోవడానికి వీలుంటుంది.